రంగు చదివే పెట్టె వస్తోంది... దానికి చదువు చెప్పేదెవరు?

డోన్: ఈ ప్రాంతంలో సరుకు ఏదైనా ధర చాలావరకు కంటి చూపుతోనే తేలుతుంది. గనిలో తీసిన బలపపు రాయి ఎంత తెల్లగా ఉంటే అంత ధర. బేతంచర్ల నాపరాయికి రంగును బట్టి గిరాకీ. యార్డుకు వచ్చిన వేరుశనగను వ్యాపారి గుప్పెడు తీసుకుని, నలిపి, గింజ రంగు చూసి ధర చెబుతాడు. టమోటా గంపల బేరమూ అంతే. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో వజ్రాల కోసం తిరిగేవారు కూడా తడిసిన నేలపై ఎండకు మెరిసే రాయి కోసమే వెతుకుతారు. దొరికింది వజ్రమా, పలుగురాయా అన్న మాట మాత్రం కొనే వ్యాపారి నోటి నుంచే రావాలి.

ఈ కంటి బేరంలో ఒక చిక్కు ఉంది. చూసే కన్ను కొనేవాడిది, తగ్గే ధర అమ్మేవాడిది. సరుకు నాసిగా ఉందని వ్యాపారి పెదవి విరిస్తే, కాదనడానికి రైతు చేతిలో ఆధారం ఉండదు. పట్నంలోని ప్రయోగశాలకు నమూనా పంపి ఫలితం తెప్పించుకునేలోగా బేరం చల్లారిపోతుంది, బండి బాడుగ మీద పడుతుంది.

ఇటువంటి చోట ఉపయోగపడగల పరికరం ఒకటి గత పదేళ్లుగా శాస్త్రజ్ఞుల చేతుల్లో రూపు దిద్దుకుంటున్నది. అది అగ్గిపెట్టెలో ఇమిడేంత చిన్న స్పెక్ట్రోమీటర్. వస్తువుపై వెలుగు వేసి, తిరిగి వచ్చిన వెలుగును రంగుల వారీగా చదివి, ఆ వస్తువులో ఏమున్నదో అంచనా కట్టడం దీని పని. ఇందులో సగం పని రంగు అద్దాలు చేస్తే, మిగతా సగం లెక్క చేస్తుంది. ఆ లెక్కను ఏ ఊరి సరుకుతో నేర్పారన్న దానిమీదనే అది చెప్పే మాట ఆధారపడి ఉంటుంది. డోన్ రైతులు, గని కార్మికులు తెలుసుకోవలసిన అసలు సంగతి ఇదే.

గుంటూరు గ్రహణం నాటి విద్య

వెలుగును చదవడం కొత్త విద్యేమీ కాదు. పొయ్యిలో ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా మారడం ఇళ్లలో అందరూ చూసేదే. ఉప్పులోని సోడియం ఇచ్చే రంగు అది. ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క రంగు గీతల వరుస ఉంటుందని, వేలిముద్రను బట్టి మనిషిని పట్టినట్లు ఆ గీతలను బట్టి మూలకాన్ని పట్టవచ్చునని జర్మనీ శాస్త్రజ్ఞులు కిర్కాఫ్, బున్సెన్ 1859-60 సంవత్సరాల్లో చూపించారు.

ఆ తరువాత ఎనిమిదేళ్లకే ఈ విద్య తెలుగు గడ్డ మీద పెద్ద పరీక్షకు నిలిచింది. డోన్‌లో రైలెక్కి నంద్యాల, గిద్దలూరు, నరసరావుపేట మీదుగా పోతే వచ్చే గుంటూరులో 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. దానిని చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు పరికరాలతో సహా ఓడలో వచ్చి గుంటూరులో మకాం వేశాడు. సూర్యుని అంచున లేచిన ఎర్రని జ్వాలలను స్పెక్ట్రోస్కోపుతో చూసి, అవి వేడికి వెలిగే వాయువులని తేల్చాడు. గ్రహణం విడిచిన మరునాడు కూడా పట్టపగలే ఆ జ్వాలల గీతలను మళ్లీ పట్టుకోగలిగాడు.

అదే రోజు మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల అధికారి పోగ్సన్ కూడా గ్రహణాన్ని పరిశీలించాడు. ఆ జ్వాలల వెలుగులో ఒక పసుపు గీత ఉన్నది. అది సోడియం గీతే కావచ్చునని మొదట అనుకున్నవారున్నారు. అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ పరిశీలించి, అది సోడియం గీతకు పక్కనే ఉన్న వేరొక గీత అని గుర్తించాడు. ఆ కొత్త మూలకానికే హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది దొరికింది 1895లో, ర్యామ్సే ప్రయోగశాలలో. పక్కపక్కనున్న రెండు పసుపులను విడదీసి చూడగలగడం వల్లనే ఒక కొత్త మూలకం బయటపడిందన్నది గమనించదగిన విషయం.

తరువాతి కాలంలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కె. రంగధామరావు ఈ విద్యకు పీఠం వేసి, ఎందరో శిష్యులను తయారు చేశారు. 2023లో శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 రోవర్ చంద్రుని మట్టిపై లేజరు వేసి, లేచిన వెలుగును చదివి, అక్కడ గంధకం ఉన్నదని తెలిపింది. చంద్రుని మట్టికి పనికి వచ్చిన విద్య రాయలసీమ మట్టికి పనికిరాకపోదు. అయితే ఇంతకాలం పరికరం బరువు, ధరే పల్లెకు అడ్డు.

పెద్ద పెట్టె ఎందుకంటే...

వాన వెలిసినప్పుడు వచ్చే ఇంద్రధనుస్సులో ఏడు రంగులున్నాయని అంటాం. నిజానికి ఒక రంగు ఎక్కడ ఆగి మరొకటి ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేము. అందుకే శాస్త్రజ్ఞులు రంగును నానోమీటర్లలో కొలుస్తారు. మీటరులో వంద కోట్లవ వంతు ఒక నానోమీటరు. కంటికి కనిపించే వెలుగు సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. ఎరుపు దాటిన తరువాత ఉండే పరారుణ వెలుగు మన కంటికి కనిపించదు కాని, యంత్రానికి కనిపిస్తుంది. నీరు, నూనె, సున్నం వంటివి తమ జాడ వదిలేది ఎక్కువగా ఆ కనిపించని భాగంలోనే.

పాత పద్ధతి స్పెక్ట్రోమీటరులో సన్నని చీలిక గుండా వెలుగు వచ్చి, పట్టకం మీదనో, సన్న గీతలు చెక్కిన అద్దం మీదనో పడి, రంగులుగా విడిపోతుంది. ఆ రంగులు ఒకదానికొకటి ఎడంగా జరగాలంటే వెలుగు కొంత దూరం నడవాలి. ఎంత సన్నగా విడదీయాలంటే అంత దూరం కావాలి. పెట్టె పెద్దదయ్యేది అందుకే. పైగా లోపలి అద్దాలు వెంట్రుకవాసి పక్కకు జరిగినా లెక్క తప్పుతుంది. గతుకుల రోడ్డున ఆటోలో గని దాకా తీసుకుపోదగిన వస్తువు కాదు అది.

జల్లెడల పద్ధతి

కొత్త పద్ధతిలో వెలుగును దూరం నడిపించి విడదీయరు. కళ్లంలో గింజను రకరకాల జల్లెడలతో పట్టినట్లు, ఒకే వెలుగును ఒకేసారి పలు రంగు అద్దాల గుండా పంపుతారు. వీటినే ఫిల్టర్లు అంటారు. ఒక్కొక్క ఫిల్టరు ఒక్కొక్క రకంగా వెలుగును ఆపుతుంది, వదులుతుంది. ప్రతి ఫిల్టరు కింద సెల్‌ఫోను కెమెరాలో ఉండే బిందువు వంటి చిన్న సెన్సరు ఉండి, తనకు ఎంత వెలుగు చేరిందో ఒక అంకె చెబుతుంది. కదిలే భాగం ఏదీ లేదు. దూరం అక్కర లేదు. కనుక అంతా ఒక గోరంత చిప్పులో ఇమిడిపోతుంది.

ఈ దారిలో పేరు పొందిన పరిశోధన 2015లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. చైనాకు చెందిన జీ బావో, అమెరికాలోని మౌంగీ బావెండి కలిసి 195 రకాల క్వాంటం చుక్కలతో ఫిల్టర్లు చేసి, కెమెరా చిప్పుపై పరిచారు. క్వాంటం చుక్క అంటే కంటికి ఆనని అతిసూక్ష్మమైన స్ఫటికపు రేణువు. పదార్థం ఒకటే అయినా రేణువు పరిమాణం మారితే రంగు మారడం దాని గుణం. ఈ రేణువులపై చేసిన కృషికే బావెండికి మరి ఇద్దరితో కలిపి 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 2019లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు ఇంకా ముందుకు పోయి, కొన్ని పదుల మైక్రాన్ల స్థలంలో, అంటే తల వెంట్రుక మందమంత చోటులో, ఒకే ఒక్క సన్నని తీగతో స్పెక్ట్రోమీటర్ చేసి చూపించారు.

ప్రయోగశాల మాట అటుంచితే, 410 నుంచి 940 నానోమీటర్ల వరకు 18 రంగులను కొలిచే ఫిల్టరు చిప్పులు ఇప్పటికే బజారులో దొరుకుతున్నాయి. కళాశాల విద్యార్థులు కూడా వాటితో పరికరాలు కడుతున్నారు.

కిరాణా చీటీ లెక్క

ఫిల్టర్లు ఇచ్చేవి కొన్ని అంకెలు మాత్రమే. వాటి నుంచి ఏ రంగు ఎంత ఉన్నదో తెలిసేదెలా? ఇది కూరగాయల అంగడి లెక్క వంటిదే. ఒకరు 2 కిలోల ఉల్లి, 1 కిలో టమోటా కొని 70 రూపాయలు ఇచ్చారు. మరొకరు 1 కిలో ఉల్లి, 2 కిలోల టమోటా కొని 80 రూపాయలు ఇచ్చారు. విడి ధరలు ఎవరూ చెప్పలేదు. రెండు చీటీలు కలిపితే 3 కిలోల ఉల్లి, 3 కిలోల టమోటా 150 రూపాయలు. అంటే కిలో కిలో కలిపి 50 రూపాయలు. మొదటి చీటీలోంచి ఆ 50 తీసేస్తే మిగిలే 20 ఉల్లి ధర. టమోటా 30. ధర చెప్పకుండానే ధర తెలిసింది.

ఫిల్టరు చిప్పు చేసేదీ ఇదే. ప్రతి ఫిల్టరు ఒక చీటీ. ఏ ఫిల్టరు ఏ రంగును ఎంత వదులుతుందో కార్ఖానాలోనే ముందుగా కొలిచి రాసుకుంటారు. మొత్తం అంకె సెన్సరు చెబుతుంది. విడి రంగుల లెక్క కంప్యూటరు కడుతుంది.

చిక్కల్లా ఇక్కడే వస్తుంది. మూడో వస్తువుగా పచ్చిమిర్చిని కూడా చేర్చి, చీటీలు మాత్రం రెండే ఇస్తే లెక్క తెగదు. చిన్న పరికరంలో ఫిల్టర్లు 18 మాత్రమే ఉంటే, తెలుసుకోవలసిన రంగులు వందల్లో ఉంటాయి. బడిలో నేర్పిన లెక్క ఇక్కడ చాలదు. కాని రోజూ యార్డు ధరలు చూసే మనిషి ఆ రెండు చీటీలు చూసి కూడా, ఈ కాలంలో మిర్చి ఇంతకు మించి ఉండదు అని ఊహించి, ఇంచుమించు సరైన ధరలే చెప్పగలడు. అనుభవం లెక్కలోని ఖాళీని పూడుస్తుంది. యంత్రానికి ఆ అనుభవం నేర్పడమే మెషిన్ లెర్నింగ్.

యంత్రానికి బడి

వేరుశనగలో నూనె శాతం చెప్పే పెట్టె కావాలనుకుందాం. ముందుగా వందలకొద్దీ నమూనాలు సేకరించాలి. ప్రతి నమూనాపై పెట్టెతో వెలుగు వేసి అంకెలు రాసుకోవాలి. అదే నమూనాను ప్రయోగశాలకు పంపి, నూనె తీసి తూచి, అసలు శాతం తెలుసుకోవాలి. ఈ అంకెలకు ఈ నూనె, ఆ అంకెలకు ఆ నూనె అని కంప్యూటరుకు చూపించుకుంటూ పోతే, కొంతసేపటికి అది సంబంధం పట్టుకుంటుంది. చివరగా, దానికి ఎన్నడూ చూపించని నమూనాలు కొన్ని ఇచ్చి పరీక్ష పెట్టాలి. నోట్సులోని ప్రశ్నలే పరీక్షలో ఇస్తే ఎవరైనా పాసవుతారు. చూడని ప్రశ్నకు జవాబు చెప్పినప్పుడే అసలు చదువు తెలిసేది.

ఇది ఊహ కాదు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో వేరుశనగ గింజను పగలగొట్టకుండానే, పరారుణ వెలుగుతో నూనె, మాంసకృత్తులు, ఒలియిక్ ఆమ్లం శాతాలు అంచనా కట్టే పద్ధతి వాడుకలో ఉన్నది. 2020లో దేశానికి అందిన గిర్నార్-4, గిర్నార్-5 వంటి ఎక్కువ ఒలియిక్ ఆమ్లం గల రకాలకు మామూలు గింజతో కలిసిపోతే విలువ పోతుంది. పైకి చూస్తే రెండూ ఒకే గింజలు. విడదీసి చెప్పగలిగేది రసాయన పరీక్ష, లేదా వెలుగు పరీక్ష.

అయితే యంత్రం ఎంత తెలివైనదైనా తనకు చూపించిన ప్రపంచమే దానికి తెలుసు. నల్లరేగడి నేలల నమూనాలతో నేర్పిన పెట్టె డోన్ చుట్టుపక్కల ఎర్ర నేలల్లో తడబడవచ్చు. బాగా ఎండిన కాయతో నేర్పితే, వానకు తడిసిన కాయను నాసి సరుకని చెప్పవచ్చు. మంచి గింజలన్నీ ఒక దీపం కింద, చెడ్డ గింజలన్నీ మరొక దీపం కింద చూపిస్తే, అది గింజను వదిలి దీపాన్ని నేర్చుకున్నా ఆశ్చర్యం లేదు. పైగా తప్పు చెప్పినప్పుడు కూడా తెరపై అంకె దిట్టంగానే కనిపిస్తుంది. యంత్రం గొంతు తడబడదు కనుక మనిషి తొందరగా నమ్ముతాడు. ప్రమాదం అక్కడే ఉంది.

ఈ కంటికి కనిపించనివి

చవక చిప్పు అన్నిటినీ చూడలేదు. సెల్‌ఫోను కెమెరా జాతి సెన్సర్లకు సుమారు 1,000 నానోమీటర్లు దాటితే చూపు ఆనదు. నీటి జాడ ఒకటి 970 నానోమీటర్ల దగ్గర ఉన్నందున తేమను, ఆకు పచ్చదనాన్ని, టమోటా పండిన తీరును ఇటువంటి చిప్పు చక్కగా అంచనా కట్టగలదు. రాతిపొడి తెల్లదనాన్ని మనిషి కంటి కన్నా నిలకడగా చెప్పగలదు. నూనె జాడ స్పష్టంగా ఉండేది 1,200, 1,700 నానోమీటర్ల పరిసరాల్లో. దానికి వేరే రకం సెన్సరు కావాలి. దాని ధర ఎక్కువ.

రాళ్ల సంగతీ అంతే. సున్నపురాయి, డోలమైటు పైకి ఒకేలా కనిపించవచ్చు. సిమెంటుకు పోయే సున్నపురాయిలో మెగ్నీషియం ఎక్కువైతే పనికిరాదు కనుక వీటి తేడా ముఖ్యం. సున్నపురాయి జాడ దాదాపు 2,340 నానోమీటర్ల వద్ద, డోలమైటు జాడ దాదాపు 2,320 వద్ద ఉంటాయి. అంత దూరం చూడగల కన్ను, అంత దగ్గరి జాడలను విడదీయగల చూపు 18 రంగుల చిప్పుకు లేవు. గుంటూరు గ్రహణంలో రెండు పసుపు గీతల సమస్య వంటిదే ఇది. అక్కడికి పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేసి చూసే పాత పద్ధతే మేలు. సున్నపురాయి బుసబుస పొంగుతుంది. డోలమైటు పొడి చేస్తే తప్ప అంతగా పొంగదు.

మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం, బంకమన్ను పాళ్లు వెలుగుతో బాగానే అంచనాకు వస్తాయి. భాస్వరం, పొటాష్ విషయంలో అంత నమ్మకం లేదు. కనుక వెలుగు పెట్టె చూపిన అంకెను మాత్రమే నమ్మి ఎరువు బస్తాలు తగ్గించడం, పెంచడం మంచిది కాదు. 2015లో ప్రారంభమైన భూసార కార్డుల పథకంలోని 12 రకాల పరీక్షలకు ప్రయోగశాల అవసరం అలాగే ఉంది. వేరుశనగలో బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ విషం కిలోకు మైక్రోగ్రాముల లెక్కలో ఉన్నా హానికరమే. అంత తక్కువ విషాన్ని ఈ చిన్న పెట్టె పట్టుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మరాదు.

వాడకంలోనూ జాగ్రత్తలు ఉన్నాయి. ప్రతిసారీ కొలతకు ముందు తెల్ల బిళ్లపై వెలుగు వేసి యంత్రాన్ని సరిచూసుకోవాలి. ఎండ పడకుండా మూతి ఆనించి కొలవాలి. గని దుమ్ము అద్దంపై పేరుకుంటే తెల్లరాయి కూడా మసకగా కనిపిస్తుంది. గుప్పెడు గింజల మీద చూపిన అంకెను బండెడు సరుకుకు వర్తింపజేయరాదు. నాలుగైదు బస్తాల్లోంచి తీసి కలిపి చూడాలి.

తక్కెడకు ముద్ర ఉంది, మరి దీనికి?

యంత్రం చెప్పిన అంకెకు ధర కట్టడం పల్లెలకు కొత్త కాదు. పాల కేంద్రాల్లో వెన్న శాతాన్ని బట్టి డబ్బు చేతికి వస్తుంది. వరి కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ధాన్యం మళ్లీ ఆరబోయవలసిందే. ఒక్క పాయింటు తేడాకు ఎంత నష్టమో రైతుకు తెలుసు. తక్కెడలో మోసం జరగకుండా 2009 నాటి తూనికలు, కొలతల చట్టం కింద అధికారులు గడువు ప్రకారం పరీక్షించి ముద్ర వేస్తారు. రేపు నాణ్యత చెప్పే వెలుగు పెట్టెలు యార్డుకు, గనులకు వస్తే వాటికి కూడా అంతటి కట్టుబాటు ఉండాలి. లేకపోతే, నిన్నటి దాకా వ్యాపారి కన్ను చెప్పిన మాటనే రేపు వ్యాపారి పెట్టె చెబుతుంది. రైతుకు జవాబు చెప్పే వీలు ఇంకా తగ్గుతుంది.

ఇటువంటి పరికరం ఎవరు తెచ్చి చూపినా రైతులు మూడు ప్రశ్నలు అడగాలి. ఒకటి, ఇది ఎన్ని నానోమీటర్ల దాకా చూస్తుంది? రెండు, దీనికి ఏ ప్రాంతపు సరుకుతో నేర్పారు, ప్రయోగశాల ఫలితంతో ఎంత తేడా వచ్చింది? మూడు, తనకు తెలియని సరుకు ఎదురైతే తెలియదని చెబుతుందా, ఏదో ఒక అంకె చూపిస్తుందా? వీటికి జవాబు దొరకనిచోట పెట్టె ఎంత మెరిసినా బేరంలో దాని మాట చెల్లనీయరాదు. అదే గింజలను కలిపి, మళ్లీ మళ్లీ కొలిపించి, అంకె నిలకడగా వస్తున్నదో లేదో చూడడం ఎవరైనా చేయగల పరీక్ష.

ఈ పని వ్యాపార సంస్థలకే వదిలిపెట్టవలసిన అవసరం లేదు. 2022 ఏప్రిల్ నుంచి డోన్ చేరిన నంద్యాల జిల్లాలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నది. వేరుశనగకు కదిరి పరిశోధన కేంద్రం ఉన్నది. ఊళ్లలో రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. డోన్, ప్యాపిలి, బేతంచర్ల మండలాల ఎర్ర నేలల మట్టి, వేరుశనగ, రాతి నమూనాలను ప్రతి పంట కాలంలో సేకరించి, ప్రయోగశాల ఫలితాలతో కలిపి భద్రపరిస్తే, ఏ పెట్టెకైనా ఈ ప్రాంతపు చదువు చెప్పడానికి అది పాఠ్యపుస్తకంగా ఉపయోగపడుతుంది. ఆ నమూనాలు అందరికీ అందుబాటులో ఉంటే, కొనేవాడి పెట్టె చెప్పిన మాటను అమ్మేవాడు మరొక పెట్టెతో సరిచూసుకోగలుగుతాడు.

పరికరాలు బజారుకు వచ్చిన తరువాత గోల పెట్టడం కన్నా, రాకముందే నమూనాల సేకరణ, ముద్ర నిబంధనలు సిద్ధం చేసుకోవడం మేలు. వ్యవసాయ, గనుల, తూనికల కొలతల శాఖల అధికారులు ఈ విషయంపై కలిసి దృష్టి సారించవలసి ఉన్నది.